మడి కట్టుకున్న ఆపరేషను

ఆవకాయ జాడీ మూత తీసేముందు మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు పెట్టే ఆంక్షలు అందరికీ తెలిసినవే. చెయ్యి తడిగా వుండకూడదు. గరిటె పొడిగా వుండాలి. జాడీని ముందే కడిగి ఎండలో ఆరబెట్టి వుండాలి. ఒకసారి పైకి తీసిన ముక్కను మళ్ళీ అందులో వెయ్యకూడదు. పిల్లవాడెవడో అన్నం మెతుకు అంటుకున్న వేలు పెట్టాడో, నెల తిరిగేసరికి పైన తెల్లటి బూజు! బూజు పట్టిన తరువాత యెంత ఉప్పు కలిపినా, యెంత నూనె పోసినా ఆ ఆవకాయ మళ్ళీ ఆవకాయ కాదు. జాడీ అంతా పారబోసుకోవలసిందే.

మనిషి ఒంట్లో ఒక యంత్రాన్ని అమర్చే శస్త్రవైద్యుడి బాధ కూడా అచ్చంగా ఇదే. గుండెకు పేస్‌మేకరు పెడతారని, అరిగిన మోకాలికి కొత్త కీలు వేస్తారని ఇవాళ మనకందరికీ తెలుసు. మూత్రమార్గానికి సంబంధించిన యంత్రాలు కూడా వున్నాయని తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసినా నోరు విప్పి చెప్పుకునేవాళ్ళు మరీ తక్కువ. ఆ యంత్రాలకు చీము పట్టకుండా కాపాడడానికి వైద్యులు పడే తాపత్రయం ఒక పెద్ద కథ. అందులో మన భీమవరానికి కూడా కొంచెం భాగం వున్నది గనుక, ఆ కథ మనం చెప్పుకోదగిందే.

ముందుగా ఆ యంత్రం యెవరికి కావలసివస్తుందో చూద్దాం. ప్రోస్టేటు గ్రంథికి కేన్సరు వచ్చి, దాన్ని తీయించుకున్న మగవాళ్ళలో కొందరికి మూత్రం మీద అదుపు తప్పుతుంది. చాలామందికి కొన్ని నెలల్లో అదే సర్దుకుంటుంది. కొద్దిమందికి సర్దుకోదు. దగ్గితే పంచె తడుస్తుంది. నవ్వితే తడుస్తుంది. కుర్చీలోంచి లేచినా తడుస్తుంది. అటువంటి పెద్దమనిషి మొదట సినిమాలు మానేస్తాడు, తరువాత పెళ్ళిళ్ళు మానేస్తాడు, ఆఖరికి వీధి అరుగు మీద కూర్చోవడం కూడా మానేస్తాడు. "నాన్నగారికి ఈమధ్య మనుషులంటే విసుగు పుట్టింది" అని కోడళ్ళు అనుకుంటారు. ఆయన విసుగు మనుషుల మీద కాదు, తన మీద తనకే. ఆ మాట భార్యతో కూడా చెప్పుకోలేక గదిలో కూర్చుంటాడు.

మూత్రనాళం చుట్టూ బిగించి పట్టుకునే కండరాన్ని ఇంగ్లీషులో స్ఫింక్టరు అంటారు. మన పాఠ్యపుస్తకాల వారు "సంవరణి" అన్నారు. మాట మంచిదే, ధాతువు కూడా సరిగ్గా కుదిరింది. అయితే ఆస్పత్రిలో సంవరణి అంటే నర్సమ్మ మన మొహం వంక చూస్తుంది. అందుచేత స్ఫింక్టరనే అందాం. ఆ కండరం పట్టు సడలితే, దాని పని చెయ్యడానికి కృత్రిమంగా ఒకటి చేస్తే యెలా వుంటుందన్న ఆలోచన పాతదే. ఇవాళ ప్రతి ఆస్పత్రిలోనూ వాడే బుడగ కేథటరుకు పేరిచ్చిన అమెరికా వైద్యుడు ఫోలే 1947లోనే అటువంటి పరికరాన్ని వర్ణించాడు. పూర్తిగా శరీరం లోపలే ఇమిడిపోయేదాన్ని మాత్రం 1972లో హ్యూస్టన్ నగరంలో బ్రాంట్లీ స్కాట్ అనే వైద్యుడు, బ్రాడ్లీ, టిమ్ అనే సహచరులతో కలిసి తయారుచేసి మనిషికి అమర్చాడు. అనేక మార్పులు పొంది, 1980ల తొలి సంవత్సరాలలో ఏ.ఎం.ఎస్. 800 అనే రూపానికి వచ్చింది. ఇవాళ ప్రపంచంలో యెక్కువగా అమర్చేది ఆ రకమే.

అందులో మూడే భాగాలు. మూత్రనాళం చుట్టూ ఉంగరంలాగా ఒక పట్టీ. పొత్తికడుపు లోపల ఒక చిన్న నీళ్ళ బుడగ. వృషణాల సంచిలో చింతపిక్క కన్న కొంచెం పెద్దదయిన ఒక పంపు. మూడింటినీ సన్నటి గొట్టాలు కలుపుతాయి. పట్టీలో నీళ్ళు నిండి వున్నంతసేపూ నాళం మూసుకుని వుంటుంది. మూత్రవిసర్జనకు వెళ్ళినప్పుడు పంపును వేళ్ళతో నొక్కితే పట్టీలోని నీళ్ళు బుడగలోకి పోతాయి, దారి తెరుచుకుంటుంది. రెండు మూడు నిమిషాల్లో నీళ్ళు వాటంతట అవే తిరిగి వచ్చి పట్టీ బిగుసుకుంటుంది. బ్యాటరీ లేదు, తీగలు లేవు. మన ఊళ్ళల్లో ఏతం తొక్కిన తాత కూడా చూడగానే గ్రహించగల యంత్రం!

ఇంత చక్కని యంత్రానికి పెద్ద శత్రువు కంటికి కనబడని సూక్ష్మజీవి. దాని వల్ల చీము పడితే సామాన్యంగా మందులతో తగ్గదు. మళ్ళీ కోసి, యంత్రాన్నంతా బయటికి తియ్యాలి. లక్షల ఖర్చు వృథా. అంతకన్న, మళ్ళీ నలుగురిలోకి వెళ్ళగలిగానని సంతోషించిన మనిషి తిరిగి ఆ గదిలోకే పోయి కూర్చుంటాడు.

"ఒంట్లో చీము పడితే ఇంజక్షన్లతో తగ్గడం లేదూ? ఇదెందుకు తగ్గదు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానం 1957లో లండన్‌లో కొంత దొరికింది. ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు, తమంతట తాము ముందుకు వచ్చిన మనుషుల చర్మంలోకి స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవులను లెక్కపెట్టి యెక్కించి చూశారు. మామూలు చర్మంలో చీము గడ్డ లేవాలంటే కొన్ని లక్షల జీవులు కావలసివచ్చాయి. అదే చర్మంలో ఒక పట్టుదారం కుట్టు వేసి వుంచితే కొన్ని వందలు చాలాయి. అంటే ఒంటికి పరాయిదయిన ఒక చిన్న దారపుపోగు పక్కన వుంటే చాలు, శత్రువు బలం వేల రెట్లు పెరిగిందన్నమాట. దారపుపోగుకే ఇంత అయితే సిలికోను గొట్టాల మాటేమిటి?

కారణం యేమిటంటే, మన రక్తంలోని రక్షకకణాలు సజీవమైన కండలో తిరిగినట్టు సిలికోను మీద తిరగలేవు. అక్కడ వాలిన సూక్ష్మజీవి ముందు అతుక్కుంటుంది, తరువాత తన చుట్టూ జిగటగా ఒక పొర అల్లుకుంటుంది. ఆ పొరకు ఇంగ్లీషులో బయోఫిల్మ్ అని పేరు. కోస్టర్టన్ అనే శాస్త్రజ్ఞుడు 1978 ప్రాంతం నుంచి దాన్ని లోకానికి చాటాడు. నన్నడిగితే తెలుగువాడికి ఆ మాట కొత్తగా నేర్పనక్కరలేదు. మనకు "పాచి" వున్నది. నూతి గట్టు మీద కాలు జారేటట్టు చేసేదీ పాచే, పొద్దున్నే పళ్ళపుల్లతో తోమేదీ పాచే. రెండింటికీ ఒకే పేరు పెట్టిన మన పూర్వులు సూక్ష్మదర్శిని చూడకపోయినా, పళ్ళ మీదిదీ రాళ్ళ మీదిదీ ఒకే జాతి సంగతని యెలా పసిగట్టారో ఆశ్చర్యం! పళ్ళ మీది పాచి నీళ్ళు పుక్కిలిస్తే పోతుందా? పోదు, తోమాలి. ఒంటి లోపలి యంత్రాన్ని తోమేదెవరు? రక్తంలో తిరిగే మందు ఆ జిగట లోపల నిద్రాణంగా పడివున్న జీవులను చంపలేదు.

గ్రిస్టినా అనే ఎముకల వైద్యుడు 1987లో దీన్ని పరుగుపందెంతో పోల్చాడు. కొత్త వస్తువు ఒంట్లోకి వెళ్ళగానే ఒక పక్కనుంచి మన కణాలు, మరో పక్కనుంచి సూక్ష్మజీవులు దాని మీద చోటు కోసం పరుగెత్తుతాయి. ముందు చేరినవాడిదే స్థలం. మన కర్నూలు రైలు జనరల్ పెట్టెలో తువ్వాలు పరిచినవాడిదే సీటయినట్టు. కనుక వైద్యుడు చెయ్యవలసిన పని, మొదటి గంటల్లోనూ మొదటి రోజుల్లోనూ సూక్ష్మజీవికి తువ్వాలు పరిచే అవకాశం ఇవ్వకపోవడం.

అలా పుట్టిన ఆలోచనే, యంత్రానికి ముందే మందు పట్టించడం. 1990లలో హ్యూస్టన్‌లోనే దరూయిష్, రాద్ అనే వైద్యులు రక్తనాళాల్లో పెట్టే గొట్టాలకు రెండు మందులు కలిపి పట్టించి, చీము పట్టడం తగ్గుతుందని చూపించారు. 2001లో అవే రెండు మందులను మూత్రసంబంధమైన యంత్రాలకు, ముందుగా అంగస్తంభన లోపానికి అమర్చే పరికరానికి, పట్టించసాగారు. ఆ మందులు రిఫాంపిసిన్, మినోసైక్లిన్. ఈ రెండింటి పుట్టుపూర్వోత్తరాలు వింటే మట్టి మీద భక్తి కలుగుతుంది.

రిఫాంపిసిన్ మన దేశంలో క్షయరోగం చూసిన ప్రతి కుటుంబానికీ తెలుసు. మూత్రం నారింజరంగుగా మారితే కంగారుపడవద్దని డాక్టరు ముందే చెప్పే ఆ గొట్టం బిళ్ళే. ఫ్రాన్సు దక్షిణ సముద్రతీరంలో ఒక దేవదారు వనంలో తీసిన పిడికెడు మట్టి ఇటలీలోని మిలాన్ నగరానికి చేరింది. 1957లో అక్కడి లెపెటీ కంపెనీ పరిశోధకులు ఆ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి కొత్త పదార్థాన్ని తీశారు. ఆ రోజుల్లో "రిఫీఫీ" అని దొంగల సినిమా ఒకటి బాగా ఆడుతూండేది. ఆ పేరే సరదాగా మందుకు పెట్టేశారు. రిఫామైసిన్ అయింది, దాన్ని సంస్కరించగా రిఫాంపిసిన్ అయింది. మందులకు పేర్లు పెట్టేవాళ్ళకు కూడా సినిమా పిచ్చి వుంటుందన్నమాట!

రెండో మట్టి అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి గడ్డిపొలంలోది. ఈ కథకు నాయకుడు మనవాడు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లే కంపెనీ పరిశోధనశాలలకు అధిపతిగా వున్నారు. విద్యార్థిగా వున్న రోజుల్లో శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు గౌను తొడుక్కుని వెళ్ళి దొర ఆచార్యుడి ఆగ్రహానికి గురయి, పెద్ద డిగ్రీ పోగొట్టుకున్నారని ప్రతీతి. ఆయన నాయకత్వంలోనే, విశ్వవిద్యాలయంలో రిటైరయి డెబ్బయి దాటిన డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు రకరకాల ప్రదేశాల మట్టి తెప్పించి పరీక్షించాడు. ఆ గడ్డిపొలం మట్టిలో 1945లో బంగారు రంగు పదార్థాన్ని పుట్టించే జీవి దొరికింది. అందుకే దాన్ని ఆరియోమైసిన్ అన్నారు. 1948లో లోకానికి తెలియజేశారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి ఆరియోమైసినే పెద్దబిడ్డ. 1970ల తొలి సంవత్సరాల్లో అదే లెడర్లే నుంచి వెలువడిన మినోసైక్లిన్ ఆ వంశంలోదే. ఇవాళ యంత్రం మీద పట్టించిన ఆ మందుపూతలో భీమవరం బిడ్డ పెట్టిన పెట్టుబడి వున్నదంటే అతిశయోక్తి కాదు.

రెండు మందులెందుకంటే, రిఫాంపిసిన్ ఒక్కటే వాడితే సూక్ష్మజీవులు త్వరలోనే దానికి లొంగకుండా తయారవుతాయి. తోడుగా ఇంకొకటి వుంటే అంత సులభంగా తప్పించుకోలేవు. ఫలితం యెలా వుందంటే, అంగస్తంభన పరికరాలు అమర్చుకున్న వేలమంది వివరాలను ఏడేళ్ళకు పైబడి చూసి 2011లో ప్రకటించారు: చీము పట్టి మళ్ళీ కొయ్యవలసివచ్చినవారు పూత లేని వాటిలో నూటికి 2.5, పూత వున్న వాటిలో 1.1. మరో కంపెనీ వారు మందు పూయకుండా, నీటిని పీల్చుకునే పొర వేశారు. అమర్చే ముందు వైద్యుడు తనకు నచ్చిన మందునీళ్ళల్లో ముంచితే అది పీల్చుకుంటుంది. అంతేకాక, నున్నగా జారిపోయే ఆ పొర మీద సూక్ష్మజీవులకు పట్టు చిక్కదు.

అయితే పూత వున్నది గదా అని గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోవడానికి లేదు. స్ఫింక్టరు విషయంలో అమెరికాలోని మేయో క్లినిక్ వారు పూత వున్నవాటినీ లేనివాటినీ పోల్చి చూసి, చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని 2013లో రాశారు. పైగా, పాత శత్రువు స్టాఫిలోకాకస్ కొంత వెనక్కు తగ్గగా, పేగుల్లో వుండే జీవులూ, కాండిడా వంటి బూజుజాతులూ ముందుకు వస్తున్నాయి. దొడ్డివాకిలికి గొళ్ళెం పెడితే దొంగ కిటికీ వెతుక్కున్నాడు!

అందుకని మళ్ళీ మన ఆవకాయ జాడీ దగ్గరకే రావాలి. న్యూయార్కులో ఈద్ అనే శస్త్రవైద్యుడు ఒక పద్ధతి పెట్టాడు. చర్మం కోసేంతవరకూ వాడిన కత్తులు, కత్తెరలు, తొడుగులు అన్నీ అక్కడితో వదిలెయ్యడం. కొత్త తొడుగులు, కొత్త సాధనాలు. గాయం మీద పల్చటి పొరగుడ్డ కప్పి, దానికి చిన్న రంధ్రం చేసి, ఆ రంధ్రంలోంచే యంత్రాన్ని లోపలికి పంపడం. యంత్రం గాని, దాన్ని పట్టుకున్న చెయ్యి గాని రోగి చర్మాన్ని ఒక్కసారయినా తాకకూడదు. "ముట్టుకోని పద్ధతి" అని దానికి పేరు. మడి కట్టుకుని వంటింట్లోకి వెళ్ళిన మా నాయనమ్మ దారిలో ఉతకని తువ్వాలు తగిలిందని మళ్ళీ స్నానానికి పోయేది. మేము నవ్వుకునేవాళ్ళం. ఈద్ గారిని చూస్తే ఆవిడ నవ్వుకునేది. పూత పూసిన పరికరాలతో నూటికి 2 వరకు వున్న చీము, ఈ మడి తోడయ్యేసరికి 0.46కు దిగిందని ఆయన 2012లో ప్రకటించాడు. ఒక్క వైద్యుడి చేతి లెక్క గనుక అందరికీ అంత ఫలితం వస్తుందని చెప్పలేం. కాని దారి అదేనని చాలామంది ఒప్పుకున్నారు.

చర్మాన్ని కడగడానికి వాడే ద్రవంలో కూడా తేడా వున్నది. పైన చెప్పిన దరూయిష్ గారే 2010లో ఇతర ఆపరేషన్ల మీద ఒక పరీక్ష జరిపారు. గోధుమరంగు అయోడిన్ మందుతో తుడిచినప్పుడు నూటికి 16 మందికి గాయం చీము పట్టగా, స్పిరిట్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచినప్పుడు తొమ్మిదిన్నరకు తగ్గింది. ఇక యాంటీబయాటిక్ ఇంజక్షను సంగతి. కత్తి పెట్టడానికి ముందు గంటలోపల ఇవ్వాలి. కోసిన తరువాత ఇస్తే పందెం మొదలయ్యాక చెప్పులు వెతుక్కున్నట్టు. ఒక్క రోజు దాటి కొనసాగించడం వల్ల ఉపయోగం కనబడలేదు. "బలమైన మందు పది రోజులు రాయండి డాక్టరుగారూ" అని బతిమాలడం మనవాళ్ళ అలవాటు. ఈ ఒక్క విషయంలో ఆ అలవాటు మానుకోవాలి.

ఇంతవరకు వైద్యుడి మడి. రోగి మడి కూడా ఒకటున్నది. మా మేనమామగారు రిటైరయిన హైస్కూలు హెడ్మాస్టరు. ప్రోస్టేటు ఆపరేషను తరువాత రెండేళ్ళు ఇల్లు కదలలేదు. ఆఖరికి ఈ యంత్రం పెట్టించుకోవడానికి ఒప్పుకుని, పంచాంగం చూసి తేదీ అడిగి మరీ పెట్టించారు. మొదటిసారి వెళితే మూడు నెలల చక్కెర లెక్క యెక్కువగా వుందని పంపించివేశారు. చక్కెర యెక్కువయితే రక్షకకణాలు మందగిస్తాయి, గాయం ఆలస్యంగా మానుతుంది. సరే, స్వీట్లు మానారు, మూడు నెలలు నడిచారు. రెండోసారి మూత్రపరీక్షలో సూక్ష్మజీవులు కనబడ్డాయి. వాటికి మందు వాడి, మళ్ళీ పరీక్ష చేయించి, శుభ్రంగా వుందనిపించుకున్నారు. మూడోసారి అంతా సవ్యంగా వుంది. ఆస్పత్రిలో చేరారు. ఆపరేషనుకు ముందురోజు సాయంత్రం చూస్తే తొడ మీద గోరింత సెగ్గడ్డ.

"రేపు వద్దు మాస్టారూ, ఇది పూర్తిగా మానాక రండి" అన్నాడు డాక్టరు.

"సెగ్గడ్డ తొడ మీద, మీరు కోసేది వేరేచోట. దానికీ దీనికీ యేమిటండీ సంబంధం? ముహూర్తం కూడా పెట్టించుకుని వచ్చాం" అన్నది మా అత్తయ్య.

"ఆ గడ్డలో వున్నవి కోట్లు తల్లీ. నాకు కొన్ని వందలు తగిలినా ప్రమాదమే" అన్నాడాయన.

మామయ్య చొక్కా తొడుక్కుంటూ, "పద పద. పంచాంగం మనం చూశాం, సెగ్గడ్డ ఆయన చూశాడు" అన్నారు. దారి పొడుగునా అత్తయ్య ఆ డాక్టరును తిడుతూనే వుంది. ఆరు వారాల తరువాత, ఏ ముహూర్తమూ చూసుకోకుండా వెళ్ళి చేయించుకున్నారు. నా మటుకు నాకు ఆపరేషను వెంటనే చేసేసే డాక్టరు కన్న, ఇలా మూడుసార్లు వెనక్కు పంపే డాక్టరు మీదే గురి.

ఇంట్లో చెయ్యవలసినవి పెద్ద పనులు కావు. ఆపరేషనుకు ముందు కొన్ని రోజులు చెప్పిన సబ్బుతో స్నానం. సిగరెట్లు మానడం. పుచ్చిన పన్ను వుంటే ముందే తీయించుకోవడం. అక్కడి వెంట్రుకలు ఇంటిదగ్గర తానే గీసుకుని రాకూడదు. పాత బ్లేడు పెట్టే గాట్లు చాలు సూక్ష్మజీవికి. ఆ పని ఆపరేషను గదిలో వాళ్ళే చూసుకుంటారు.

యంత్రం పెట్టిన వెంటనే దాన్ని పని చేయించరు. సుమారు ఆరు వారాలు, లోపలి గాయం మానేదాకా, పట్టీని వదులుగానే వుంచుతారు. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళు కనిపెట్టి వుండవలసింది: తగ్గుతూ రావలసిన నొప్పి తిరిగి పెరగడం, యెర్రదనం, వాపు, జ్వరం, కుట్టులోంచి చీము, పంపు చర్మానికి అతుక్కుని కదలకపోవడం. కొన్ని సూక్ష్మజీవులు మందకొడివి. నెలల తరువాత, జ్వరం లేకుండా, ఊరికే మొండినొప్పిగా బయటపడతాయి. "వయసు మీద పడింది, నొప్పులు మామూలే" అని ఊరుకోకూడదు.

త్వరగా వెళితే అంతా పోయినట్టు కూడా కాదు. ఇండియానాలో మల్కాహీ అనే వైద్యుడు 1996లో ఒక సాహసం ప్రకటించాడు. చీము పట్టిన అంగస్తంభన పరికరాన్ని తీసివేసి, ఆ చోటును రకరకాల ద్రవాలతో వరసగా కడిగి, అదే పూట కొత్తది పెట్టెయ్యడం. నూటికి 82 మందిలో అది నిలిచిందని తరువాత తెలియజేశాడు. స్ఫింక్టరు విషయంలో మాత్రం, పట్టీ మూత్రనాళాన్ని ఒరుసుకుని లోపలికి చొచ్చుకుపోయి వుంటే ఈ ఉపాయం పనికిరాదు. తీసివేసి, నెలల తరబడి ఆగి, అప్పుడు చూసుకోవాలి.

ఆ చొచ్చుకుపోవడం చాలాసార్లు యెలా జరుగుతుందో చెప్పాలి, యెందుకంటే అది పూర్తిగా ఇంట్లోవాళ్ళ చేతిలో వున్న సంగతి. ఏళ్ళు గడిచాక ఆయనకు ఏ పక్షవాతమో, తుంటి విరగడమో వచ్చి, మరో ఊళ్ళో మరో ఆస్పత్రిలో అపస్మారకంగా పడివుంటాడు. లోపల యంత్రం వున్నదని బయటికి కనబడదు. వార్డులో మామూలుగా మూత్రపు గొట్టం వెయ్యబోతారు. బిగించివున్న పట్టీలోంచి గొట్టాన్ని బలంగా తోస్తే నాళం గాయపడుతుంది, దాని వెనకాలే చీము, ఆ వెనకాలే యంత్రం పోవడం. అందుకే ఆపరేషను చేసినవారు ఒక కార్డు ఇస్తారు. దాన్ని బీరువాలో భద్రంగా దాచడం కాదు, ఆయన జేబులో వుండాలి, నకలు కొడుకు దగ్గరా కోడలి దగ్గరా వుండాలి. సిగ్గుపడి కోడలికి చెప్పకుండా వుంటే, ఆ అర్ధరాత్రి ఆస్పత్రిలో వుండేది ఆ కోడలే కావచ్చు. ఆమె చెప్పవలసింది ఇంతే: "మామయ్యగారికి లోపల స్ఫింక్టరు యంత్రం వుందండీ. గొట్టం వెయ్యకముందు యూరాలజిస్టును పిలవండి." ఆయన వచ్చి పంపును నొక్కి పట్టీ ఖాళీ చేసి, పంపు మీదే వున్న చిన్న బొత్తాం నొక్కి దాన్ని వదులుగా నిలిపివుంచి, సన్నపాటి గొట్టం వేసి, వీలయినంత త్వరలో తీసేస్తాడు.